నూట ఎనిమిదికి బేరం

ఆశ్రమానికి బయలుదేరిన రోజు మా బజారువాళ్ళు నన్ను మేళతాళాలతో సాగనంపారు. వరంగల్ నుంచి హనుమకొండ ఎంత దూరం, జట్కా ఎక్కితే పోవడమే. అయినా కాశీకి పోయేవాణ్ణి పంపినట్టు మెడ నిండా దండలు వేశారు. రెండేళ్ళు పల్లెపల్లెకూ తిరిగి దేవుడి మాట చెప్పబోతున్నానని కిరాణా కొట్ల వాళ్ళు, నూనె వ్యాపారులు కూడా కన్నీళ్ళు పెట్టుకున్నారు. వాళ్ళను చూసి నేనూ పెట్టుకున్నాను.

నిజానికి నాకు దేవుడి మీద కన్నా మా బట్టల దుకాణం మీదే ఎక్కువ పట్టింపు ఉండేది. ఎలాగైనా దాన్నుంచి బయటపడాలన్నదే ఆ పట్టింపు. పొద్దున్నుంచి తానులు విప్పడం, చూపడం, మళ్ళీ మడత పెట్టడం నాకు విసుగెత్తింది. ఇంట్లో ఎవరూ కాదనలేని సాకు దేవుడొక్కడే దొరికాడు. మా నాయనకు ఇదంతా తెలుసు. ఆయన దండ వెయ్యలేదు. జట్కా కదులుతుంటే దగ్గరకొచ్చి మెల్లగా, "వారంల వస్తవు. నీ జాగ ఖాళీగనే ఉంచుత" అన్నాడు. ఏమైనా సరే, ఆ వారం గడిచేదాకా ఇంటి ముఖం చూడకూడదని అప్పుడే అనుకున్నాను.

ఆశ్రమమంటే హనుమకొండ అవతల ఒక గుట్ట కింద రెండు రేకుల షెడ్లు, ఒక బావి. బడిపంతులుగా పనిచేసి మానుకున్న ఒక పెద్దాయన దాన్ని నడిపేవారు. ఆయన్ను అయ్యగారు అనేవాళ్ళం. అక్కడ రెండు నియమాలు నన్ను చంపాయి. మొదటిది, చాయ్ లేదు. రెండోది, జత. ప్రచారకులు ఎక్కడికైనా ఇద్దరిద్దరుగానే పోవాలి, ఒకరి కంటికి ఒకరు కనబడకుండా క్షణం ఉండకూడదు. తినడం, స్నానం, పడక, అన్నీ జతగానే. చెంబు పట్టుకుని పొదల వైపు పోయినా జతగాడు కొంచెం దూరంలో వీపు తిప్పి నిలబడాలి. ప్రచారకుడి పతనం ఒంటరిగా ఉన్నప్పుడే మొదలవుతుందని అయ్యగారి నమ్మకం. నా విషయంలో మాత్రం చాయ్ హోటలుకు జారుకునే దారి మూసుకుపోవడంతోనే పతనం మొదలైంది.

నాకు జతగా వచ్చినవాడు నెక్కొండ దగ్గరి పల్లెకు చెందిన రైతుబిడ్డ. నా ఈడువాడే. ఆశ్రమంలో అందరూ అందరినీ అన్నా అనే పిలవాలి. అతను దుకాణంవాళ్ళను సేటు అనే అలవాటు మానలేక నన్ను సేటన్నా అనేవాడు. గంట కొట్టక ముందే లేచి పశువులను వెతుకుతున్నట్టు షెడ్డు చుట్టూ చూసేవాడు. అతను లేస్తే నియమం ప్రకారం నేనూ లేవాలి. చాయ్ లేక తల పగిలిపోతుంటే, అతను ఊడవని చోటల్లా ఊడుస్తుండగా కళ్ళు మూసుకుంటూ తెరుస్తూ గోడకు ఆనుకుని కూర్చునేవాణ్ణి.

మాకు నేర్పిన పాఠం చిన్నదే. ఇంటి ముందు నిలబడి దండం పెట్టాలి. రోజూ నూట ఎనిమిది సార్లు దేవుడి పేరు తలచుకోమని, కల్లు మానమని, శనివారం భజనకు రమ్మని అడగాలి. అతను దాన్ని నాకన్నా ముందే కంఠస్థం చేశాడు. బావి దగ్గర బట్టలు ఉతుకుతూ తడబడకుండా చెప్పేవాడు. మనుషుల ముందు నిలబెడితే మాత్రం గొంతు పెగిలేది కాదు. తోటివాళ్ళే ఇంటివాళ్ళుగా కూర్చున్న అభ్యాసంలో కూడా చేతులు జోడించి, రేకుల కప్పు వైపు చూస్తూ నిలబడేవాడు. మొత్తం మాట నేనే మాట్లాడాల్సి వచ్చేది. వెనక నుంచి నవ్వులు వినిపించేవి. నవ్వులు అతని మీదే అయినా అవమానం నాకయ్యేది.

అతను ఎందుకొచ్చాడో ఒక సాయంత్రం చెప్పాడు. వానాకాలంలో వాళ్ళమ్మ పెద్ద దవాఖానాలో పడింది. లేచి ఇంటికొస్తే రెండేళ్ళు దేవుడికి ఇస్తానని మొక్కాడు. ఆమె లేచింది. ఇంట్లో నాట్లు ఉన్నాయి, అన్న తిట్టాడు, అయినా వచ్చేశాడు. మధ్యలో ఇంటికి పోతే మొక్కు తప్పినట్టే, మళ్ళీ అమ్మకేమన్నా అయితే అని అతని భయం.

ఇది విన్న మర్నాడే నేను అయ్యగారి దగ్గరకు పోయి నా జత మార్చమన్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆగుతోంది. నియమం ప్రకారం అతను కనిపించేంత దూరంలో, వినిపించనంత దూరంలో వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. ఈ మనిషి నోరు విప్పడు, ఇతనితో ఏ ఊళ్ళోనూ పని కాదు అని, అమ్ముడుపోని గుడ్డ తాను గురించి చెప్పినట్టు చెప్పాను. అయ్యగారు అంతా విన్నారు. శనివారం ధర్మసాగర్‌లో పరీక్ష ఉంటుందని, అక్కడ నిజమైన ఇంటి ముందు అతను మాట్లాడకపోతే ఇంటికి పంపేస్తానని, నాకు వేరే జత చూస్తానని అన్నారు.

బయటికి రాగానే అతను, "ఏమన్నడు సేటన్నా?" అని అడిగాడు. తలనొప్పికి మందు అడిగానని చెప్పాను. అతను వంటశాలకు పోయి శొంఠి కొమ్ము తెచ్చి, రాతి మీద అరగదీసి నా నుదుటికి పట్టు వేశాడు. అది భగ్గున మండింది. మండాల్సిందే. శనివారం పరీక్ష ఉందని అతనికి చెప్పాను, మాట్లాడకపోతే ఏమవుతుందో కూడా చెప్పాను. అది ఎవరివల్ల వచ్చిందో చెప్పలేదు. ఆ రోజు నుంచి అతను బావి దగ్గర కూడా పాఠం తప్పడం మొదలుపెట్టాడు.

శనివారం బస్సులో ధర్మసాగర్ పోయాం. చెరువు కట్ట దిగువన ఒక ఇంటి అరుగు మీద అయ్యగారు కూర్చుని మమ్మల్ని మొదలుపెట్టమన్నారు. ఒక ముసలావిడ వాకిట్లో చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. ఆమె పెనిమిటి లోపల మంచం మీద పడుకుని ఉన్నాడు. మేమిద్దరం దండం పెట్టాం. అతను ఇంటి కప్పు వైపు చూశాడు. నేను కాసేపు ఆగి, అతని పని అయిపోయిందనుకుని, లోలోపల సంతోషపడుతూనే నూట ఎనిమిది సంగతి చెప్పాను.

ఆమె చేట ఆపింది. "నూటెనిమిది నాతోని ఏడ అయితది బిడ్డా. జర తగ్గియ్యి."

"నువ్వెంతంటవు, అవ్వా?" అన్నాను.

అది నేను ఆలోచించి అన్న మాట కాదు. ఊహ తెలిసినప్పటి నుంచీ, తగ్గించమన్నవాళ్ళకు నా నోట ఇంకో జవాబు రాలేదు. ఆమె కళ్ళు మెరిశాయి. చేట పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పది అంది. నేను మా నాయనలాగే చిన్నగా నవ్వి, పదికి మాకే గిట్టదన్నాను. బోణీ బేరం కాబట్టి ఎనభైకి ఇస్తానన్నాను. ఆమె పదకొండు అంది. దేవుడి పేరు ఏళ్ళ తరబడి మన్నుతుందని, ఎన్నిసార్లు ఉతికినా రంగు పోదని చెప్పాను. ఉతకడం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. చివరికి యాభై, ఇక నా చేతుల్లో లేదన్నాను. ఆమె సరే అనడానికి నోరు తెరిచింది.

"ఒప్పుకోకవ్వా. ఇంకా దిగుతడు."

ఎవరా అని తిరిగి చూశాను. నా జతగాడు. ఇంటి కప్పు వైపు చూడటం లేదు, నా వైపే చూస్తున్నాడు. ఏటేటా మా బజారుకొచ్చి, మా దుకాణాల ముందు నిలబడి, మేం చెప్పిన ధరకు గుండె గట్టిచేసుకునే మనుషుల చూపు అది. "లోపటికి పోతున్నట్టు చెయ్యి. పిలుస్తడు" అన్నాడు ఆమెతో.

ముసలావిడ లేచి చక్కా గడప దాటింది.

"అవ్వా, ఇరవై ఒకటి" అని పిలిచాను.

లోపల్నుంచి మంచం కిర్రుమంది. "మరి కల్లు సంగతేంది?" అని ముసలాయన గొంతు. నా జతగాడు క్షణం ఆలోచించలేదు. "ఆదివారం కల్లు కొసరుకు అడుగు తాతా" అన్నాడు. నేను కొసరు కూడా వేశాను. అప్పటికి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గుమిగూడి, తమకూ అదే రేటు కావాలంటున్నారు. అయ్యగారు అరుగు మీద కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ప్రార్థన చేస్తున్నారని అనుకున్నాను.

తాను ఇంతమంది ముందు మాట్లాడుతున్నానని నా జతగాడికి అప్పుడు తెలిసినట్టుంది. ముఖం ఎర్రబడింది. కానీ తెరిచిన నోరు మళ్ళీ మూతపడలేదు. దవాఖానాలో వాళ్ళమ్మ మంచం కింద కూర్చుని దేవుడి పేరు తలచుకున్న సంగతి చెప్పాడు. పాఠంలో లేని మాటలు, నాలుగైదు ముక్కలే.

"ఎన్నిసార్లన్నవు బిడ్డా?" అని అడిగింది ముసలావిడ.

"లెక్కపెట్టలేదవ్వా. ఆమె కండ్లు తెరిచేదాక అన్న."

ఆమె ముక్కు చీది, అయితే తానూ లెక్కపెట్టనని, తోచినంత అంటానని చెప్పింది. ముసలాయన మాత్రం లోపల్నుంచి ఆదివారం సంగతి ఖాయమేనా అని మళ్ళీ అడిగాడు.

కట్ట మీద బస్సు కోసం నిలబడినప్పుడు అయ్యగారు నా జతగాడితో, "నువ్వుంటావు" అన్నారు. తర్వాత ఆయన నన్ను చూపించి, "నీతో పని కాదు, జత మార్చమని ఇతను నన్ను అడిగాడు. ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను. ఇతన్ని ఏం చేద్దాం?" అన్నారు.

దుకాణంలో నా జాగా, దాని పక్కన నాయన ముఖం కళ్ళముందు కనిపించాయి. అతను నా వైపు తిరిగి, "తలనొప్పి మందన్నవు గద, సేటన్నా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అయ్యగారి వైపు తిరిగి, "ఉండనియ్యండ్రి. మాట మాత్రం నేనే మాట్లాడుత. సంచులు రెండూ ఆయన మోస్తడు" అన్నాడు.

ఎన్నాళ్ళు అని అడగబోయాను.

"బేరం లేదు" అన్నాడు.

మోశాను. ఏటూరునాగారం అడవి దారుల్లో కూడా రెండు భుజాలకూ రెండు సంచులు వేసుకుని అతని వెనకే నడిచాను. ఏ ఇంటివాళ్ళైనా జర తగ్గించమంటే అతను ముందు నా వైపు చూసేవాడు, నేను చెట్ల వైపు చూసేవాణ్ణి. కట్ట మీది మాట అతను మళ్ళీ ఎత్తలేదు. క్షమించమని అడగడానికి నాకు ఏడాది దాటింది. ఆ ఏడాదంతా మేం ఒకరి కంటికి ఒకరం కనబడకుండా క్షణం ఉండలేదు.