రోడ్ ఐలాండ్ మంచం

ఈ అరబ్బు దేశంలో మేముండే అబ్బాసియాలో, మా తెలుగు సంఘం హాల్లో ఒక పాత విండో ఏసీ ఉంది. ఆగే ముందు గొంతు సవరించుకుని, ఒళ్ళంతా ఒకసారి విదిలించుకుంటుంది. మొన్న శుక్రవారం అది విదిలించుకుంటుండగానే ఎవరో "ఈసారీ ప్రెసిడెంటుగా మీరే ఉండాలన్నా" అన్నారు. అప్పటికి రెండుసార్లు ఉన్నాను. ఆ మాట ఎంత బాగుంటుందో చెప్పుకోవడం బాగుండదు. ఆ చప్పుడుకు మాత్రం దానియేలు మాస్టారు గుర్తొచ్చారు.

తొంభైల చివర్లో, ఇదే అబ్బాసియాలో ఒక గదిలో ఆరుగురం ఉండేవాళ్ళం. మాస్టారిది అమలాపురం దగ్గర. ఇక్కడ ఒక స్కూల్లో చరిత్ర చెప్పేవారు. మిగతావాళ్ళం చరిత్రలోకి ఎక్కే ప్రమాదం లేనివాళ్ళం. ఆరుగురూ ఒప్పుకుంటే తప్ప గదిలో ఏదీ మారకూడదని మా నియమం. జూలైలో ఏసీ చెడిపోయేదాకా అది గొప్ప నియమమనే అనుకున్నాం. కొత్తది పెట్టిద్దామంటే కడప బాషా ఒప్పుకోలేదు. అతని మంచం తలుపు వెనక మూలన.

"ఆ గాలి నా దగ్గరికి ఎప్పుడన్నా వచ్చిందా? నాకెందుకప్పా అది?" అన్నాడు.

"నీ ఒక్కని పంతానికి మేమందరం ఉడకాల్నా?" అన్నాడు జగిత్యాల నర్సయ్య, తడి తువ్వాలు నెత్తిన వేసుకుని.

మాస్టారు నవ్వారు. "అమెరికా వాళ్ళు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో అచ్చం ఇలాగే ఉండేవారండీ. పదమూడు రాష్ట్రాలు. దిగుమతుల మీద పన్ను వేద్దామంటే పదమూడూ సరే అనాలి. అన్నిటికంటే చిన్నది, రోడ్ ఐలాండ్, కాదంది. ఇంకేముంది, ఖలాస్."

"దాని మంచం ఏ మూలకుండె సారూ?" అన్నాడు నర్సయ్య.

ఆ రోజు నుంచి బాషా పేరు రోడ్ ఐలాండ్. మేం నవ్వుతుంటే మాస్టారొక్కరే వెళ్ళి ఆ మంచం మీద పడుకుని చూశారు. "నిజమేనండీ. ఇక్కడికి గాలి మలుపు తిరిగి రావాలి" అన్నారు. అలా మా కొత్త రాజ్యాంగం పుట్టింది. నలుగురు సరే అంటే చాలు. మూల మంచం నెలకొకరి వంతు. గదికి ఒక పెద్ద, ఆయనకు వంతు మినహాయింపు. బాషా అందరికంటే చివర ఒప్పుకున్నాడు. అసలు రోడ్ ఐలాండూ అంతేనట.

పెద్ద మాస్టారే, ఆ చర్చే రాలేదు. ఏమని పిలవాలన్న చర్చ వచ్చింది. పై అధికారిని పిలిచినట్టు ముదీర్ సాబ్ అందామన్నాడు నర్సయ్య. "అక్కడా మొదటి అధ్యక్షుణ్ణి ఎలా పిలవాలా అని వారాల తరబడి వాదించుకున్నారండీ. రాజుగారిని పిలిచినట్టు పిలుద్దామన్నవాళ్ళూ ఉన్నారు. చివరికి సాదా పిలుపే నిలిచింది. నాకు మాస్టారు చాలు" అన్నారాయన.

రెండేళ్ళు గదిలో గొడవల్లేవు. కొంచెం విసుగ్గా కూడా ఉండేది. అప్పుడాయన ఇక మరొకరిని చూసుకోండన్నారు. అందరికంటే ఎక్కువ బతిమాలింది నేనే.

"మీకంటే బాగా ఎవరు చూస్తారు మాస్టారూ?"

"ఎవరూ చూడకపోవచ్చండీ. కానీ మొదట ఎక్కినవాడు దిగి చూపించకపోతే, దిగడం అనేది ఒకటుందని తర్వాతివాడికి ఎలా తెలుస్తుంది? వాళ్ళ మొదటాయన రెండుసార్లయ్యాక ఇంటికెళ్ళిపోయాడు. ఎవరూ పొమ్మనలేదు."

పెద్దరికం నాకు వచ్చిపడింది. మర్నాడే ఆయన పరుపు చుట్టుకుని మూల మంచానికి వెళ్ళిపోయారు. "పెద్దగారూ, బట్టలు ఆరేసుకోమంటారా?" అని నన్ను అడిగేవారు, ముఖంలో నవ్వన్నది లేకుండా. అన్నిటికీ ఏదో ఒక జోకు వేసే నేను, దానికి మాత్రం లేచి నా బట్టలు తీసి తాడు ఖాళీ చేసేవాణ్ణి.

ఆ ఎండాకాలం స్కూలు వాళ్ళు మాస్టారి ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, పొడిగించలేదు. అమలాపురం వెళ్ళిపోయారు. కొన్నేళ్ళు ఫోన్లు నడిచాయి. తర్వాత ఒకసారి ఫోన్ వాళ్ళమ్మాయి ఎత్తింది. నాన్న పోయి నెలయిందంది.

మొన్న హాల్లో నేను వద్దన్నాను. నా సంగతి తెలిసినవాళ్ళు గనక జోకనుకుని, మిగతా సగం కోసం ఎదురుచూశారు. మళ్ళీ అడగరేమోనని నాకు చిన్న భయం. అడిగారు. మళ్ళీ వద్దన్నాను. కొత్తాయన పేరు ఖాయమయ్యాక స్టేజీ దిగి, గాలి తగలని చివరి వరుసలో కూర్చున్నాను. చెమట పట్టింది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. గాలి మలుపు తిరిగి రావాలి కదండీ అని అటునుంచి ఎవరైనా అంటారేమోనని కాసేపు చూశాను.