ఎడమచేతి గాజులు

వెంకటి సేటు ఇంటి కారు తన గల్లీలో ఆగినప్పుడు తాహెరాబీకి సంతోషం కన్నా ముందు అనుమానం వచ్చింది.

"ఎవరు పిల్వమన్నరు?" అని డ్రైవరును అడిగింది.

"ముసలమ్మనే. మనీషమ్మ పెండ్లి. గాజుల మలారం తెచ్చుకొమ్మన్నది."

"మల్ల పెండ్లా?"

"మల్ల పెండ్లే."

తంగళ్ళపల్లిలో తాహెరాబీ చెయ్యి మంచిదని ఒకప్పుడు పేరు. ఆమె గాజులు తొడిగిన పిల్ల సంసారం చల్లగా ఉంటుందని సిరిసిల్లలో మరమగ్గాల సాంచాలు నడిపే సేట్ల ఇళ్ల నుంచి కూడా పిలిచేవాళ్లు. వెంకటి సేటు బిడ్డ మనీషా మొదటి పెళ్లికి గాజులు తొడిగింది తనే. పెళ్లికొడుకు కోరుట్ల అబ్బాయి అభినవ్. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ కోర్టుకెక్కి విడిపోయారు. తాహెరాబీని ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాతి పెళ్లిళ్లకు పెద్దిళ్ల కార్లు ఆమె గల్లీ దాటి వేరే గల్లీకి పోయాయి. ఇంతలో భర్త కరీం పోయాడు. అప్పటి నుంచి తన చేతులు బోసిగానే ఉంచుకుంది. పక్కవాళ్ల చేతులైనా నింపుదామంటే పిలిచేవాళ్లు లేరు.

అట్లాంటిది, చెడిన చోటికే మళ్లీ పిలుపు. ఈ పెళ్లి నిలిస్తే తన చేతి పేరు నిలుస్తుంది. ఇది కూడా చెడితే ఇక మలారం అటక మీద పెట్టుకోవలసిందే. ఈ సంగతి ముసలమ్మకు తెలియదా? తెలిసి ఎందుకు పిలిచినట్టు?

గాజుల మలారం మూట చంకన పెట్టుకొని మానేరు వంతెన దాటేదాకా అదే ఆలోచన.

ఇల్లంతా బంతిపూలు. హాల్లో ఒక మూల ఈవెంటువాళ్లు రాళ్లు పొదిగిన డిజైన్ గాజులు పేర్చిపెట్టారు. మనీషా బాపమ్మ శంకరవ్వ వాటిని చేతికర్రతో చూపించింది.

"గవి అవతల వెట్టుండ్రి. ముందు మట్టిగాజులు ఎక్కాలె. రా తాహెరా, మంచిగున్నవా?"

"ఉన్న అవ్వా," అంటూ కూర్చోబోయిన తాహెరాబీ అట్లాగే ఆగిపోయింది. మెట్ల మీద వైర్ల చుట్ట భుజాన వేసుకొని దిగుతున్నాడు అభినవ్.

"గీయన ఈడెందుకున్నడు?"

"రేపు పెండ్లి ఆయన ఫంక్షన్ హాల్లనే, టెంటు, లైట్లు సుత గీయనయే," అంది శంకరవ్వ మామూలుగా. "యాడ దొరకలే. గీయనదొక్కటే ఖాళీగుండె."

శ్రావణమాసంలో ఖాళీనా? ఏడాది ముందే బయానా ఇచ్చినా హాలు దొరకని రోజుల్లో ఈయన హాలు ఒక్కటీ ఎట్లా మిగిలింది? తాహెరాబీకి లెక్క అందింది. పాత పెళ్లాం పెళ్లి చెడగొట్టడానికే ఖాళీగా పెట్టుకున్నాడు. తాళి కట్టేవేళకు కరెంటు తీసేస్తే చాలదూ!

అతను పక్కనుంచి పోతుంటే పిలిచింది. ఒకప్పుడు అల్లుడా అని పిలిచిన నోరు, ఇప్పుడేమనాలో తోచక కొంచెం తడబడింది.

"బాబూ, జనరేటర్ కొత్తదేనా?"

"కొత్తదే తాహెరమ్మా. ఏమైంది?"

"ముహూర్తానికి కరెంటు పోతే మంచిగుండది."

"పోదు. నేనే దగ్గరుంట."

అదే కదా ఆమె భయం.

మనీషాను పీట మీద కూర్చోబెట్టారు. జగిత్యాల రైసుమిల్లువాళ్ల అబ్బాయి గణేశ్‌తో పెళ్లి. పిల్ల ముఖం ఫొటోలో లాగా నవ్వుతోంది, కానీ తాహెరాబీ పట్టుకున్న కుడిచెయ్యి మాత్రం కట్టెలా ఉంది.

"చెయ్యి వదులు చెయ్యి బిడ్డా."

"వదులుగనే ఉన్నది తాహెరమ్మా."

మొదటి గాజు కణుపుల దగ్గర చిట్లింది. ఇంకోటి తీసింది. అదీ చిట్లింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేనత్త అయితే చాటు కూడా లేకుండా గొణిగింది. "అప్పుడు గీమెనే, ఇప్పుడు గీమెనే." తాహెరాబీ పగిలిన ముక్కలు ఏరి పక్కన పెట్టింది.

అంతలో అభినవ్ గుమ్మంలోకి వచ్చాడు. "బాపమ్మా, స్టేజీ మీద కుర్చీలు రెండేనా, పెద్దోళ్లకు సుత వెయ్యాల్నా?"

మనీషా తలెత్తకుండానే అంది. "రెండే వెయ్యి. ఒక దాంట్ల నువ్వు కూసుంటవేమో సూడు."

"కూసుందును గని, దానికి కిరాయి మీ నాన్న కట్టిండు."

"నీకెప్పుడు మా నాన్న పైసలే కండ్లవడ్తయ్."

"నీకెప్పుడు నేను టెంటు హౌసోని లెక్కనే కండ్లవడ్త."

"టెంటు సుత సక్కగ కట్టరాదు నీకు. మొన్న గాలికి పడిపోయిందంట గద!"

"గంత దూరంకెల్లి నా టెంటు పడ్డది నీకెట్ల తెల్సిందో?"

 తాహెరాబీ చేతిలో మనీషా చెయ్యి మైనంలా మెత్తబడింది. పచ్చగాజు జారిపోయి మణికట్టు మీద కూర్చుంది. ఇంకోటి. మరోటి. వాళ్లిద్దరూ కసురుకుంటున్నంతసేపూ గాజులు ఎక్కుతూనే ఉన్నాయి. కుడిచెయ్యి నిండింది.

అతను వెళ్లిపోయాడు. ఫోన్ మోగింది, గణేశ్. మేనత్త స్పీకరు పెట్టింది. "మనీషా, ఫొటోగ్రాఫర్ అంటుండు, పచ్చ గాజులు డ్రెస్సుకు సెట్ కావంట. నీ ఇష్టం."

"మీరెట్లంటే గట్లనే," అంది మనీషా మర్యాదగా. ఎడమచెయ్యి మళ్లీ కట్టె.

తాహెరాబీ ఆ చేతిని తన ఒళ్లో పెట్టుకొని చుట్టూ చూసింది. పక్కన గిన్నెలో సబ్బునీళ్లు ఉన్నాయి. నురగ రాసి తోస్తే ఎంతటి చెయ్యికైనా గాజులు ఎక్కుతాయి. ఎక్కిస్తే రేపు పెళ్లి జరుగుతుంది, తన పేరు తనకు వస్తుంది. పెద్దిళ్ల కార్లు మళ్లీ గల్లీలోకి వస్తాయి. గిన్నె వైపు చెయ్యి పోయింది కూడా.

ఆ చెయ్యే వెనక్కి వచ్చి మలారానికి గుడ్డ కప్పింది.

"గీ సైజు అయిపోయినయ్ అవ్వా. కోరుట్లల మా ఆడిబిడ్డ ఫౌజియా దుకాణంల ఉంటయ్. పొద్దుగాల తెస్త."

గుడ్డ చివర కిందినుంచి అదే సైజు పచ్చగాజులు అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి. శంకరవ్వ వాటిని చూసింది, తాహెరాబీని చూసింది. వంగి గుడ్డ సరిగ్గా కప్పింది.

"గట్లనే తే," అంది.

"ఒంటి చేతి గాజులతోని హల్దీ ఎట్లనే?" మేనత్త లేచింది.

"ఒక చేతికే పసుపు రాయుండ్రి. పోయేదేమున్నది?"

లేచేటప్పుడు తాహెరాబీ మనీషా చెవిలో మాత్రం ఒక మాట వేసింది. "ఎడమ చేతికి ఎవరి పేరు మీద వెయ్యాల్నో పొద్దటి దాంక ఆలోచించుకో బిడ్డా."

తెల్లారింది. కారు రాలేదు. తాహెరాబీ మలారం ముందు పెట్టుకొని గడపలో కూర్చుంది. వేరే గాజులామెను పిలిపించుకున్నారేమో. ముసలమ్మ తన ముందు గుడ్డ కప్పి వెనకనుంచి ఇంకొకరికి కబురు పెట్టిందేమో. బాగా పొద్దెక్కినాక కారు వచ్చింది. దాంట్లో శంకరవ్వే ఉంది.

"ఎక్కు. జగిత్యాలోళ్లు రారిగ."

తాహెరాబీ ఎక్కబోయి ఆగింది. "నావల్లనేనా అవ్వా?"

"మనీషానే ఫోన్ చేసి చెప్పింది. పోరడు మంచోడు, ఒక్క మాట అనలే. 'ఎన్నడు నాతోని కొట్లాడలే, నాకు అప్పుడే అనుమానమొచ్చింది' అన్నడంట. మా వెంకటి పొద్దటిసంది మొహం గోడకు తిప్పుకొని కూసున్నడు. ముహూర్తం గదే, హాలు గదే, పెండ్లికొడుకే పాతోడు."

"ఆ హాలు..." తాహెరాబీ ఆగలేకపోయింది. "శ్రావణంల ఖాళీగ ఎట్లున్నది అవ్వా?"

"నేనే పట్టి పెట్టిన. వానికి సుత చెప్పలే, ఎవల పెండ్లికని."

"మరి నన్నెందుకు పిలిచినవ్?"

"రెండో పెండ్లైతే వేరేదాన్ని పిలుద్దును," అంది శంకరవ్వ కిటికీలోంచి మానేరును చూస్తూ. "మొదటిదే ఇంక అయిపోలే గద."

మనీషా ఎడమచెయ్యికి గాజులు ఒక్కటీ చిట్లకుండా ఎక్కాయి. నిన్న గొణిగిన మేనత్తే అందరికన్నా ముందు చెయ్యి చాపింది. "నాకు సుత వెయ్యి తాహెరా." ఆమె వెనక ఇంకో నలుగురు.

అభినవ్ పెళ్లిబట్టల్లో గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "తాహెరమ్మా, జనరేటర్ కొత్తదే. నమ్మవా?"

"నమ్ముతున్న అల్లుడా," అంది.

అయినా ముహూర్తం వేళకు ఆమె ముందు వరుసలో కూర్చోలేదు. ఎందుకైనా మంచిదని హాలు వెనక జనరేటర్ గది తలుపుకు వీపు ఆనించి, మలారం ఒళ్లో పెట్టుకొని, బాజాలు మోగేదాకా అక్కడే కూర్చుంది.