నన్ను ముంచిన అరుపు

పగ మనిషిని తినేస్తుందంటారు. నన్ను మాత్రం ఒక చలికాలమంతా అదే లేపి కూర్చోబెట్టింది. నేను అమెరికాలోని నోవైలో పెరిగి, చిన్న లీగుల్లో ఐస్ హాకీ ఆడి రిటైరైన తెలుగువాణ్ణి. ఐఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల మాట ఇది. పార్టీల్లో అంకుల్స్ ఎవరైనా "మీవాడు ఏం చేస్తున్నాడు?" అంటే అమ్మ "మాస్టర్స్‌కి అప్లై చేస్తున్నాడు" అనేసేది. నా అసలు పని డిఫెన్స్. గోల్ వేయడం కాదు, వేయనివ్వకపోవడం.

పై లీగ్ నుంచి పిలుపు రావచ్చని కోచ్ నా చెవిన వేసిన వారంలోనే, ఎదుటి జట్టు డిఫెన్స్ ఆటగాడొకడు నా దారికి మోకాలు అడ్డం పెట్టాడు. కావాలనే పెట్టాడు, వాడి కళ్లు చూశాను. నా మోకాల్లో లిగమెంట్ తెగింది. పిలుపు ఇంకెవరికో వెళ్లింది.

మా ఆటలో ఇలాంటివి మంచు మీదే తేల్చుకోవాలి. మళ్లీ ఎదురుపడినప్పుడు ఇద్దరూ గ్లవ్స్ విసిరేసి కలబడతారు, రిఫరీలు కూడా కాసేపు చూస్తూ ఊరుకుంటారు. జిమ్‌లో బరువులెత్తిన ప్రతిసారీ వాడి దవడనే తలచుకున్నాను. తీరా మరుసటి సీజన్ మొదలయ్యేసరికి ఆ పెద్దమనిషిని మా జట్టే తెచ్చుకుంది. సొంత జట్టువాడి మీద చెయ్యెత్తకూడదు. పైగా కోచ్ వాణ్ణి నాకే జోడీగా వేశాడు. వేరే ఊళ్లో ఆట ఉంటే హోటల్ గది కూడా వాడితోనే.

ఫోన్‌లో చెబితే అమ్మ మండిపడింది.

"నీ కాలు విరగ్గొట్టినోడితో రూమ్ షేర్ చేస్తున్నావా? వాడి కాఫీలో కాస్త కారం కలుపు నాన్నా. గేమ్ డే మార్నింగ్ అయితే ఇంకా మంచిది."

మా అమ్మ రోజూ దీపం పెట్టనిదే టీ కూడా తాగదు.

నాకు అంతకన్నా మంచి ఉపాయం తట్టింది. మేం కొట్టుకునే నల్లబిళ్ల, పక్, మూలకు జారితే దాని కోసం వెళ్లిన డిఫెన్స్‌వాడికి తన వీపు వెనక ఏం వస్తోందో కనబడదు. వాడి కళ్లు జోడీవాడే. ఎవరైనా మీదికి వస్తుంటే జోడీవాడు "మ్యాన్ ఆన్!" అని అరవాలి. అరవకపోతే పక్ కోసం వెళ్లినవాడు మీదపడ్డ మనిషికీ రింక్ గోడకీ మధ్య నలిగిపోతాడు. నన్నెవరూ తప్పుపట్టలేరు. ఆ గోలలో వినబడలేదేమో అనుకుంటారు.

పై లీగ్ వాళ్లు వాడి ఆట చూడడానికి వచ్చే రోజు దాకా ఓపిక పట్టాను. ఆ రోజు పక్ మూలకు జారింది. వాడు వెనుదిరిగాడు. ఎదుటి జట్టులో అందరికన్నా భారీ మనిషి వాడి వీపు మీదికి దూసుకొస్తున్నాడు. నా కడుపు చల్లబడింది. ఇక నోరు మూసుకుంటే చాలు.

"మ్యాన్ ఆన్!"

అరిచింది నేనే. చిన్నప్పటి నుంచి అరిచి అరిచి అలవాటైన నోరు, నన్ను అడగనైనా అడగలేదు. వాడు చటుక్కున తప్పుకున్నాడు, ఆ భారీ మనిషి గోడను గుద్దుకున్నాడు, నా జోడీవాడిచ్చిన పాస్ గోల్ అయి కూర్చుంది. మర్నాడే వాడికి పిలుపు వచ్చింది. నా నోటిని నేనే పళ్లూడేలా గుద్దుకోవాలన్నంత కోపం వచ్చింది.

బ్యాగ్ సర్దుకుంటూ వాడు నా మోకాలి వైపు చూశాడు. సారీ చెప్పలేదు, థాంక్స్ కూడా చెప్పలేదు.

"ఎందుకు అరిచావ్?" అన్నాడు. "నేనైతే అరిచేవాణ్ణి కాదు."