పీరాంబీ పెట్టని సంతకం

ఏప్రిల్ మూడో వారంలో నేరేడ్‌మెట్ సంతృప్తి ఎన్‌క్లేవ్ గేటుకు ఇరవై అడుగుల ఫ్లెక్సీ వేలాడింది. దాని మీద సగం మేర కమిటీ వాళ్ల తలకాయలే. మిగిలిన సగంలో, కాలనీ పిల్లలు పదిరోజుల వేసవి క్యాంపులో నేర్చేసుకోబోయే పద్నాలుగు విద్యల జాబితా. జుంబా, చదరంగం, స్లైమ్ తయారీ, పొయ్యి లేని వంట, స్టేజీ భయం పోగొట్టుకోవడం... పదకొండోది ఈత.

ఆ పదకొండోది నేర్పాల్సిన మనిషి పీరాంబీ. మల్కాజ్‌గిరి నుంచి పొద్దున్నే వచ్చి, బస్సు దిగి, గేటు దగ్గర నిలబడి ఫ్లెక్సీని పై నుంచి కింది దాకా చదివింది. లోపలికొచ్చేసరికి కమిటీ సెక్రటరీ యుగంధర్ రెండు చేతుల్లో రెండు ఫోన్లు పట్టుకుని ఎదురయ్యాడు.

"ఎట్లుంది మేడమ్ ఫ్లెక్సీ?"

"మంచిగుంది సార్. పద్నాలుగు పెట్టిన్రు గద, ఎగురుడొక్కటి ఎందుకు ఇడిసిపెట్టిన్రు?"

"ఎగురుడా? ట్రాంపోలిన్ ఉంది మేడమ్. తొమ్మిదోది చూడండి," అన్నాడు యుగంధర్, ఎంతో శ్రద్ధగా.

పీరాంబీ బట్టలు మార్చుకునే గదికి వెళ్లిపోయింది. ఎగతాళి చేసినా అర్థం కాని మనిషితో నోరు నొప్పి పెట్టుకోవడం ఎందుకని.

ఆమెకు అప్పటికి నలభై తొమ్మిదేళ్లు. తండ్రి మౌలాలి గుట్ట పక్కన రాళ్లు కొట్టి రోళ్లు, సన్నికల్లు చేసి అమ్మేవాడు. రాయి తవ్వీ తవ్వీ వదిలేసిన క్వారీ గుంతల్లో వానాకాలం నీళ్లు నిలిచేవి. ఆరేళ్ల పీరాంబీ నడుముకు ఖాళీ నూనె డబ్బా కట్టి, ఆ గుంతల్లోనే తండ్రి ఈత నేర్పాడు. ఆడపిల్లకు ఈతేందని బస్తీలో అడిగినవాళ్లకు, "నీళ్లకు ఆడ మగ ఎర్కనా?" అని జవాబిచ్చేవాడు.

ఆమెకు పదకొండేళ్లప్పుడు అక్కడ పని చేసే రాజేందర్ అనే అతను, కొత్తగా పెళ్లైనవాడు, తోటివాళ్లతో పందెం కట్టి గుంతలోకి దూకాడు. నాకు ఈతొచ్చని అప్పటికి ఏడాదిగా అందరికీ చెబుతున్నాడు. రెండుసార్లు చేతులు పైకి లేచాయి. ఒడ్డున ఉన్నవాళ్లు ఈల వేశారు. ఈత చూపిస్తున్నాడనుకున్నారు. పీరాంబీ తండ్రి అద్దగంట మునిగి వెతికితే కానీ శవం దొరకలేదు. ఆ ఈలలు ఆమె చెవిలో నుంచి పోలేదు. ఈత రాదని ఒప్పుకునేవాడంటే ఆమెకు గౌరవం. రాకుండా వచ్చనేవాడంటే మాత్రం కడుపులో నుంచి మంట లేస్తుంది.

పెళ్లయ్యాక సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు ఈతకొలను దగ్గర ఊడ్చే పనిలో చేరింది. ఒకరోజు ఈతకొచ్చిన ఒకావిడ చెవి కమ్మ పన్నెండడుగుల లోతులో పడిపోతే, చీపురు పక్కన పెట్టి, చీర కొంగు బిగించి దూకి, ఒక్క దమ్ములో తీసుకొచ్చి చేతిలో పెట్టింది. అక్కడి కోచ్ ఆలిస్ మేడమ్ అది చూసింది. మరుసటి రోజు నుంచి చీపురు వేరేవాళ్ల చేతికి వెళ్లింది. ఆలిస్ మేడమ్ ఆమెకు నాలుగు రకాల ఈతలు నేర్పింది, మునిగేవాళ్లను కాపాడే శిక్షణకు పంపింది, పరీక్ష రాయించింది. కుట్టుపని చేసే భర్త అఫ్రోజ్ ఆమెకు మణికట్టు దాకా, మడమల దాకా వచ్చే నల్లటి ఈత బట్టలు కుట్టిచ్చాడు. ఇరవై ఏళ్లు అక్కడా ఇక్కడా నేర్పి, ఆరేళ్ల కింద సంతృప్తి ఎన్‌క్లేవ్‌లో చేరింది.

ఇక ఆ పదిరోజుల పండుగ షురూ అయింది. అరవై మూడు మంది పిల్లలు. ఒక్కొక్క గుంపుకు నీళ్లలో ఇరవై నిమిషాలు. అందులో ఐదు నిమిషాలు టోపీలు ఎక్కించుకోవడానికి, ఐదు నిమిషాలు ఫొటోలకు. పిల్ల నీళ్లలో ముఖం పెట్టిందో లేదో, ఒడ్డు మీద నుంచి తల్లి, "నాన్నా, ఇటు చూడు, ఇంకోసారి, నవ్వుతూ!" ఆకాశంలో కమిటీ వాళ్ల డ్రోన్ ఈగలా జుయ్యిమంటూ తిరిగేది. ముక్కుతో దమ్ము వదలడం రాని పిల్లలకు కళ్లద్దాలు మాత్రం పోటీలకు వెళ్లేవాళ్లు పెట్టుకునేవి. ఈ జంజాటంలో ఇదివరకే తన దగ్గర నేర్చుకుంటున్న నలుగురు తప్ప ఒక్కరికీ ఈత రాలేదు. వస్తుందని పీరాంబీ అనుకోనూ లేదు.

తొమ్మిదో రోజు యుగంధర్ ఒక కట్ట తెచ్చి ముందు పెట్టాడు. బంగారు అంచు సర్టిఫికెట్లు. ప్రతి దాని మీదా ఒకటే మాట: ఈత విజయవంతంగా నేర్చుకున్నారు.

"కింద మీ సంతకం మేడమ్. అరవై మూడు ఉన్నాయి. జెర తొందరగా."

"నాలుగు తీయ్‌రి. పెడ్త."

"మిగతావి?"

"మిగతా పిల్లలు స్నానం చేసిన్రు సార్. స్నానానికి సర్టిఫికెట్ ఇస్తరా?"

యుగంధర్ నవ్వబోయి ఆగాడు. "మోటివేషన్ కోసం మేడమ్. పిల్లలు ఖుష్, పేరెంట్స్ ఖుష్. దీంట్లో మీకు పోయేదేముంది?"

అప్పుడే నవత అక్కడికి వచ్చింది. ఆమె బ్యాంకులో పని చేస్తుంది. కూతురు చిన్మయికి తొమ్మిదేళ్లు. "మేడమ్, మీకు చాలా థ్యాంక్స్," అంది నవత ముఖం వెలిగిపోతుండగా. "వచ్చే ఆదివారం ఫ్యామిలీ అంతా రిసార్టుకు పోతున్నం. అక్కడ పెద్ద పూల్ ఉందట. పోయినేడు దాన్ని కాపలా కాసుడే సరిపోయింది. ఈసారి ఈతొచ్చింది గద, ఇగ నాకు తక్లీఫ్ లేదు."

పీరాంబీ యుగంధర్ వైపు చూసింది. "విన్నరా సార్? పోయేదేముందని అడిగిన్రు గద." తర్వాత నవత వైపు తిరిగింది. "నీ బిడ్డకు ఈత రాదమ్మా. కాలు కింద ఆనినంత సేపే దాని ధైర్యం."

నవత ముఖం ముడుచుకుంది. "తొమ్మిది రోజులూ ఒక్కరోజు మానలే మేడమ్ మా పాప."

"తొమ్మిది రోజులు కాదు. రోజుకు పది నిమిషాలు. లెక్క బ్యాంకుల చేసేదానివి నువ్వే చెయ్యి."

నవత విసవిసా వెళ్లిపోయింది. సంతకం స్కాన్ చేసి పెట్టుకుంటామని యుగంధర్ నసిగాడు. "నేను పెట్టని కాయితం మీద నా సంతకం కనబడితే, ఒక్కో తల్లి ముంగట నిలబడి చింపుత," అంది పీరాంబీ. అతను కట్ట చంకలో పెట్టుకుని పోయి, ప్రెసిడెంట్ వేణుమాధవ్ చేత అన్నింటి మీదా సంతకం చేయించుకొచ్చాడు.

వేణుమాధవ్‌కు అరవై ఒక్కటి. రంగుల డబ్బాల డీలరు. పదో రోజు సాయంత్రం కొలను ఒడ్డునే వేదిక వేశారు. క్యాంపు టీషర్టు వేసుకుని మైకు పట్టుకున్న ఆయన, చిన్నప్పుడు అమ్మమ్మ ఊళ్లో కృష్ణానది ఇటు నుంచి అటు ఈదానని, ఈత ఒకసారి వచ్చిందంటే ఒళ్లు మర్చిపోదని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నది అవతలి ఒడ్డు ఎంత దూరమో అడిగినవాడు లేడు.

"ఇప్పుడు మన కోచ్ మేడమ్ చేతుల మీదుగా సర్టిఫికెట్లు..." అని యుగంధర్ పిలిచాడు. పీరాంబీ వేదిక ఎక్కకుండా కింద నుంచే మైకు అందుకుంది.

"నేనియ్య. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఎనిమిది మీటర్లు. లోతు తక్కువున్న దిక్కే. ఆగకుండ ఈదినోళ్లు పోయి తీసుకోన్రి."

జనంలో గుసగుసలు. పాత నలుగురు పిల్లలు దిగి, చేపల్లా అటు చేరుకుని, తల తుడుచుకుంటూ నిలబడ్డారు. ఇంకెవరూ కదల్లేదు. అప్పుడు చిన్మయి ముందుకొచ్చింది, నేనూ చేస్తానని. దిగింది. మూడుసార్లు చేతులు కొట్టింది. తర్వాత కాళ్లు నేలకు ఆనించి, చేతులు గిరగిరా తిప్పుకుంటూ నడుచుకుంటూ అవతలికి వెళ్లింది. కాలనీ అంతా లేచి నిలబడి చప్పట్లు. నవత కళ్లలో నీళ్లు.

"నడిచింది," అంది పీరాంబీ మైకులో. "చేతులూపుకుంట నడిచింది. రోడ్డు మీద సుత నడుస్తది."

"చిన్నపిల్ల మనసు నొప్పిస్తరా?" అని నవత అరిచింది. మిగతా తల్లులు అందుకున్నారు. గోల పెరిగేసరికి వేణుమాధవ్ చేతులు పైకెత్తాడు.

"ఏందమ్మా గింత చిన్న దానికి పరేషాన్? నేను చూపిస్త ఉండున్రి, ఈతంటే ఎంత ఈజీనో."

గడియారం తీసి యుగంధర్‌కిచ్చి, నిచ్చెన పట్టుకుని దిగాడు. నడుము లోతులో నిలబడి పైన డ్రోన్‌కు చెయ్యి ఊపాడు. కొలనుకు మధ్యలో బెండ్లు కట్టిన తాడు ఉంటుంది. అది దాటితే నేల జారుడుగా దిగి ఆరున్నర అడుగులకు పోతుంది.

"సార్, తాడు దాటకున్రి," అంది పీరాంబీ.

దాటకుండా ఉంటే ఆయన వేణుమాధవ్ ఎట్లా అవుతాడు? తాడు ఎత్తి, తల వంచి, అవతలికి పోయి రెండడుగులు వేశాడు. మూడో అడుగుకు నేల లేదు. తల మునిగి తేలింది. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది, తీసేయడానికి తీరిక దొరకనట్టు. నోరు నీటి మట్టానికి తెరుచుకుంది, అరుపు రాలేదు. చేతులు పక్కలకు చాచి నీళ్లను కిందికి నొక్కుతున్నాడు. ఒడ్డు మీద జనం ఇంకా చప్పట్లు కొడుతున్నారు.

పీరాంబీ మైకు పారేసింది. దూకలేదు. భయంతో కొట్టుకునే బరువైన మనిషి దగ్గరికి దూకితే ఇద్దరూ పోతారు. గోడకు ఆనించిన పొడుగు వెదురు కర్ర లాగి, ఆయన ఛాతీకి తగిలేటట్టు తోసింది.

"పట్టుకో! రెండు చేతులతోని పట్టుకో! ఇడ్వకు!"

పట్టుకున్నాడు. ఆమె ఒక్కో చెయ్యి మార్చుకుంటూ కర్రను వెనక్కి లాగి, ఆయన్ను గోడ దాకా తెచ్చి, కాలరు పట్టుకుని అంచుకు ఆనించింది. చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో వేణుమాధవ్ దగ్గు ఒక్కటే. యుగంధర్ డ్రోన్ వాడి వైపు చూసి, కట్ చెయ్యమని చెయ్యి ఊపాడు.

రాత్రికి కాలనీ వాట్సప్ గ్రూపులో ఫొటోలు వచ్చాయి. "నీటి భద్రతపై మన ప్రెసిడెంట్ గారి ప్రత్యక్ష ప్రదర్శన" అని కింద రాశారు. నూట పన్నెండు మంది దండాలు పెట్టారు. అఫ్రోజ్ చదివి వినిపిస్తే పీరాంబీ పొలమారేలా నవ్వింది.

ఆమెను తీసేయాలని కమిటీలో మాట వచ్చింది, వేదిక మీద అవమానం చేసిందని. వేణుమాధవ్ అవునని అనలేదు, కాదని అనలేదు. ఆయన అననిదే కమిటీ చెయ్యి లేవదు కాబట్టి ఆ సంగతి అక్కడే ఆగింది.

రెండు రోజులకు నవత వచ్చింది. చేతిలో సర్టిఫికెట్ నాలుగు మడతలై ఉంది. చిన్మయి వెనక నిలబడింది.

"మేడమ్, సార్ మునుగుతుంటే నేను సుత చప్పట్లు కొట్టిన," అంది నవత. "ఆ నవ్వు చూసి తెల్వలేదు."

కూతురి భుజం పట్టుకుని ముందుకు జరిపింది.

"దీనికి నిజంగ రావాలంటే ఎన్ని రోజులు పడ్తది?"

"నలభై. నీకైతే అరవై."

"నాకెందుకు మేడమ్?"

"రిసార్టుల బిడ్డ మునిగితే ఒడ్డు మీద నిలబడి ఏం చేస్తవ్? ఫొటో తీస్తవా?"

నవత ముఖం కందిపోయింది. అయినా వెళ్లిపోలేదు. ఆ ఆదివారం వాళ్లు రిసార్టుకు వెళ్లారు కానీ, చిన్మయిని నీళ్లలోకి దించలేదు. పిల్ల రోజంతా ఏడ్చిందట. సోమవారం తల్లీకూతుళ్లు ఇద్దరూ టోపీలు పట్టుకుని వచ్చారు.

ఆ వారంలోనే ఒక పొద్దున ఆరింటికి వేణుమాధవ్ కూడా వచ్చాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"పీరాంబీ గారూ, కొంచెం టచ్ పోయింది. ఎవరూ లేనప్పుడు ఒక పది క్లాసులు..."

"ఎవ్వరూ లేనప్పుడు నీళ్లల్ల దించుడు నాకు అలవాటు లేదు సార్. ఆరుంబావుకు చిన్నపిల్లల బ్యాచ్ ఉంది. దాంట్లో రాన్రి. కానీ ముందు ఒక మాట చెప్పున్రి. ఈత వచ్చా, రాదా?"

ఆయన నీళ్ల వైపు చూశాడు. "రాదు," అన్నాడు.

పెద్దమనిషి నోట మొదటిసారి పనికొచ్చే మాట వచ్చిందనుకుంది పీరాంబీ. ఏడెనిమిదేళ్ల పిల్లల వరసలో చివరన నిలబెట్టి, గోడ పట్టుకుని ముఖం నీళ్లలో పెట్టి బుడగలు వదలమంది. పక్కనున్న పిల్లవాడు, "తాతా, ముక్కుతో వదలాలి," అని దిద్దాడు. పదకొండు రోజులు వచ్చాడు. వెల్లకిలా తేలడం వచ్చింది. పన్నెండో రోజు నుంచి రాలేదు. బీపీ తగ్గడానికి డాక్టరు ఈదమన్నాడని కాలనీలో చెప్పుకుంటున్నాడని తెలిసి పీరాంబీ మూతి విరిచింది. తేలడమైనా వచ్చింది, చావడులే అనుకుని వదిలేసింది.

చిన్మయికి నలభై రోజుల్లో రాలేదు. నలభై నాలుగో రోజు, జూన్ వాన సన్నగా పడుతుండగా, ఇటు గోడను తన్ని బయలుదేరింది. నవత ఛాతీ లోతు నీళ్లలో నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. పిల్ల మధ్యలో ఒకసారి వంకర పోయి, సర్దుకుని, దమ్ము తీసుకుని, నేలకు కాలు ఆనించకుండా అవతలి గోడ ముట్టుకుంది. రొప్పుతూ తిరిగి చూసింది, మెచ్చుకుంటారేమోనని.

పీరాంబీ ఒడ్డు మీద గొంతుక్కూర్చుని ఉంది.

"పోయినవ్ మంచిగనే. మరి వచ్చుడెవరు వస్తరు? తిరుగు."

పిల్ల గోడను తన్నింది.