వరసలో చివర మా అమ్మాయి

మా అమ్మాయి ధరణి అక్షరాభ్యాసాన్ని నేనే దగ్గరుండి పాడుచేశాను. దూరంగా ఉండి ఉంటే ఇంత చక్కగా చెడేది కాదు. ఎలా చెడిందో చెబుతాను. నవ్వుకోండి, మా ఇంట్లో వాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

నేను ఒడిశాలో కకిరిగుమ్మ దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో మాస్టారిని. పుట్టింది రాయగడలో. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో కొండవాళ్ల దేశియా, మా ఆవిడ ముందు మౌనం: ఈ నాలుగూ ధారాళంగా వచ్చు. మా వైపు వినాయక చవితి బడి పండగ. ఆ రోజే కొత్త పిల్లల చేత మొదటిసారి సుద్దముక్క పట్టించి పలక మీద మూడు సున్నాలు చుట్టిస్తారు. బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులన్నమాట. ఆ తర్వాతే అక్షరాలు. ఆ రోజు నాకొచ్చిన మార్కులు కూడా ఆ మూడు సున్నాలే.

ఆ ఏడు కొత్త పిల్లలు పదకొండు మంది. బడిలో చేరడానికి ఇంకా రెండేళ్లున్నా, మా ధరణి పన్నెండోది. ఈ ముచ్చట చూడ్డానికి గుణుపురం దగ్గర పల్లె నుంచి మా అత్త వచ్చింది. గురువుకి పెట్టడానికి జరీ అంచు పంచె తెచ్చింది. ఆ గురువు నేనే కాబట్టి, ఒక్క పంచెతో గురుదక్షిణా, అల్లుడి మర్యాదా రెండూ తీరిపోతాయని ఆవిడ లెక్క.

"ముందు మన అమ్మికి దిద్దించీ బాబూ. పదీ నలబై దాటితే వర్జ్యం అని పంతులు మరీ మరీ సెప్పేడు" అంది.

అప్పుడు నాలోని ఆదర్శ ఉపాధ్యాయుడు నిద్రలేచాడు. మామూలు రోజుల్లో పిలిచినా లేవడు.

"మేస్టారి కూతురని ముందు కూకోబెడితే ఊర్లో ఏటనుకుంటారు అత్తా? అందరికన్నా సివరే నిలబడనీ. బళ్లో నాకు అందరూ ఒకటే" అన్నాను, నలుగురికీ వినపడేలా.

దిద్దించే పద్ధతి ఇది. నేను చాప మీద మఠం వేసుకుని కూర్చుంటాను. పిల్లవాడో పిల్లో నా ఒళ్లో అటు తిరిగి కూర్చుంటే, వెనక నుంచి చెయ్యి పట్టుకుని సున్నాలు చుట్టిస్తాను. అయిపోగానే పక్కనున్న పళ్లెంలోంచి ఒక బూందీ లడ్డూ చేతిలో పెడతాను. ఇందులో ఒక చిన్న లోపం ఉంది: నాకు పిల్లల ముఖాలు కనబడవు. నూనె రాసి దువ్విన తలలు మాత్రం కనబడతాయి. పండగ పూట అన్ని తలలూ ఒకేలా ఉంటాయి.

మొదటి ముగ్గురూ ఏడ్చారు. నాలుగో శాల్తీ ఏడవలేదు సరికదా, నా చెయ్యి తగలకుండానే మూడు సున్నాలూ గుండ్రంగా చుట్టేసింది. పొంగిపోయాను. మరో నలుగురి తర్వాత ఇంకో మేధావి వచ్చింది. కొంచెం బరువుగా ఉంది. సున్నాల పక్కన అ, ఆ కూడా రాసేసింది. ఇంకాసేపటికి వచ్చినది ఏకంగా తన పేరు రాయబోతుంటే నేనే ఆపి, ఇంక చాలమ్మా అని లడ్డూ ఇచ్చి పంపాను.

"సూసేరా అత్తా, నా సేతి మహిమ" అన్నాను గర్వంగా.

మా అత్త ఎదురుగా కూర్చుని అన్ని ముఖాలూ చూస్తోంది. చాలా శాంతంగా చెప్పింది.

"ఆ అమ్మికి పాలపళ్లూడిపోయి మల్లీ మొలిసేయి బాబూ. మూడో కళాసంట. నీ ఒళ్లో కూకోడం ఇది మూడోసారి."

"మరి ఇందాకే సెప్పొచ్చు కదా?"

"ఒక్కోల్నీ మూడేసిసార్లు దిద్దించడం ఈ ఒడియావోల్ల ఆనవాయితీ ఏమో అనుకున్నాను."

తలెత్తి చూశాను. వరస నిండా మూడో తరగతి. అందరూ అక్షరాలు రానట్టే ముఖాలు పెట్టారు, చూపులు మాత్రం లడ్డూల పళ్లెం మీదున్నాయి. నాకు అందరూ ఒకటే అన్నానా, ఆ మాట విని మూడో తరగతంతా ఒకటైపోయింది. గడియారం చూస్తే పదీ ముప్పై మూడు. వరస చివర మా ఆవిడ ఒక్కతే నిలబడి ఉంది.

"అమ్మి ఏది?" అన్నాను.

"మీరే కదండీ అందరికన్నా సివర అన్నారు? వచ్చినోల్లందర్నీ ముందుకి పంపి, దాన్ని ఎనక్కి జరుపుతూనే ఉన్నాను. జరిగి జరిగి ఎటెల్లిపోనాదో."

వెతికాం. బడి వంటగది మెట్ల మీద దొరికింది. నా మేధావి అక్కడే ఉంది. పేరు సుక్రి. ధరణిని ఒళ్లో అటు తిప్పి కూర్చోబెట్టుకుని, వెనక నుంచి చెయ్యి పట్టుకుని, అచ్చం నాలాగే దిద్దిస్తోంది. పలక మీద మూడు సున్నాలు పూర్తయ్యాయి. ధరణి రెండో చేతిలో సగం లడ్డూ ఉంది.

ఏమిటిదని అడిగితే సుక్రి దేశియాలో సంజాయిషీ ఇచ్చుకుంది: చిన్నది ఏడుస్తోందట, సార్ చూస్తే పనిలో ఉన్నారట, తనకి మూడు లడ్డూలు వచ్చాయి కదా, ఊరికే తింటే బాగుండదనిపించిందట.

మా అత్త గడియారం చూసింది. పదీ ముప్పై తొమ్మిది.

"వర్జ్యం రాలేదు. సెయ్యి పట్టి దిద్దించినోలే గురువు. దండం పెట్టమ్మీ" అని ధరణి చేత సుక్రి కాళ్లకి మొక్కించి, తమలపాకులూ అరటిపళ్లూ ఆ పిల్ల చేతిలో పెట్టింది. సుక్రి అయితే నిండు నూరేళ్లూ బతకమని దీవించింది కూడా. పంచె ఆ పిల్లకి పనికిరాదు కాబట్టి మా అత్త దాన్ని మడతపెట్టి తిరిగి తన సంచిలో పెట్టుకుంది. ఆవిడ గుణుపురం రైలెక్కేదాకా నేను ఆ సంచి వైపు చూస్తూనే ఉన్నాను.

రెండేళ్లు తిరిగి ఇప్పుడు ధరణి ఒకటో తరగతి, నా క్లాసే. అక్షరం వంకర పోయిందని సరిచేస్తే, "సుక్రక్క ఇలాగే సెప్పింది" అంటుంది. పై కోర్టుకి వెళ్దామంటే, ఆ జడ్జిగారు అయిదో తరగతి.

ఈ చవితికి మా అబ్బాయి వంతు. కాబట్టి గణపతి సాక్షిగా, సుద్దముక్క చేతబట్టి ప్రమాణం చేస్తున్నాను: ముఖం చూడకుండా, పళ్లు లెక్కపెట్టకుండా ఇక ఎవరినీ ఒళ్లో కూర్చోబెట్టుకోను. ఆదర్శం కోసం కన్నబిడ్డని వరస చివర నిలబెట్టను. వాణ్ని అందరికన్నా ముందు కూర్చోబెడతాను.

సుక్రి ఒళ్లో. పంచె ఆశ వదిలేసుకుని, నేను లడ్డూల పళ్లేనికి కాపలా ఉంటాను.