చన్నీళ్ల సాక్ష్యం

“…నూనె రాసినంకనే గదరా ఆగింది? నీళ్లకు ఆగిందంటవేందిరా!”

“డాక్టర్ నీళ్లు కొట్టొద్దన్నడమ్మా. గుండె ఉరుకుతుండంగనే తీస్కరమ్మన్నడు.”

“సచ్చినంక తీస్కపోతవా?”

చిల్కానగర్‌లో రెండు గదుల అద్దె ఇల్లు. ముందు గదిలో గోడకానుకుని కూర్చున్న గ్రేసీకి వంటింట్లోంచి అత్త పాపమ్మ, భర్త శాంసన్ మాటలన్నీ వినిపిస్తున్నాయి. జాకెట్టు తడిసి ఒంటికంటుకుంది. నుదుటి మీద ప్రార్థన నూనె. గుండె మాత్రం ఏమీ ఎరగనట్టు నిమ్మళంగా కొట్టుకుంటోంది.

జనగామ వైపు పల్లె నుంచి పంతొమ్మిదేళ్లకు కోడలై వచ్చింది గ్రేసీ. పదకొండేళ్లుగా నాచారంలో బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని. రెండో కాన్పు తరువాత మొదలైంది ఈ దడ. చెప్పాపెట్టకుండా స్విచ్ వేసినట్టు వస్తుంది. మెడ నరాలు ఎగిరెగిరి పడతాయి. ఇంట్లో ఉంటే పాపమ్మ పరుగున వచ్చి ప్రార్థన చేసి నూనె రాస్తుంది, ఆ వెంటనే ఫ్రిజ్‌లోని సీసా తీసి ముఖాన గుమ్మరిస్తుంది. ఠక్కున ఆగిపోతుంది. శాంసన్ తన ఆటోలో దవాఖానాకు చేర్చేసరికి ఈసీజీలో వంక పెట్టడానికేమీ ఉండదు. నాలుగుసార్లు ఇదే తంతు.

ఆదివారం ప్రార్థన కూటంలో పాపమ్మ లేచి సాక్ష్యం చెబుతుంది. “నా కోడలి గుండెను ప్రభువు నా చేతులతోని నిమ్మలం జేసిండు.” ఒకప్పుడు వెనక చాప మీద కూర్చున్న మనిషికి ఇప్పుడు ముందు వరసలో కుర్చీ వేస్తున్నారు. బోడుప్పల్ నుంచి కూడా జ్వరం పిల్లల్ని ఎత్తుకొస్తున్నారు. నీళ్ల సీసా మాట ఆమె సాక్ష్యంలో ఎన్నడూ రాలేదు.

ఫ్యాక్టరీలో అదే జబ్బుకు వేరే పేరు.

“షురూ అయిందా గ్రేసమ్మా నీ సినిమా? పని ఎక్కువున్న దినమే వస్తదేంది?” అనేవాడు సూపర్‌వైజర్ నరేందర్. ఈసీజీ కాగితాలు చూపిస్తే, “నా గుండె కంటె నీదే మంచిగున్నది పో,” అని అందరికీ వినబడేలా నవ్వేవాడు.

బుధవారం మధ్యాహ్నం ప్యాకింగ్ లైను నడుస్తుండగా గుండెలో ఆ స్విచ్ పడింది. పక్కనున్నామె నీళ్ల సీసా అందిస్తే గ్రేసీ తోసేసింది.

“నీళ్లొద్దు. ఎవ్వలు నన్ను ముట్టుకోకున్రి.”

నరేందర్ అడ్డం నిలబడ్డాడు. “యాడికి? లైన్ ఇడిశిపెట్టి పోతే హాఫ్ డే జీతం కట్.”

“కోసుకో. ముందుగాల నా మెడ సూడు.”

అతడు చూశాడు. పక్కకు జరిగాడు.

గేటుకెదురుగా ఉన్న డిస్పెన్సరీ దాకా గోడ పట్టుకుని నడిచింది. బల్ల మీద పడుకునేసరికి కళ్లకు మసక కమ్మింది. ఒక్క గుక్క చన్నీళ్ల కోసం ప్రాణం పీకింది. పెదవి కొరుక్కుంది. ఈసీజీ మెషిన్‌లోంచి కాగితం వస్తూనే ఉంది. డాక్టర్ దాన్ని వెలుతురుకు పట్టి గీతలు లెక్కపెట్టాడు. నిమిషానికి నూట తొంభై.

“దొరికింది,” అని, అప్పుడు ఇంజెక్షన్ ఇచ్చి ఆపాడు.

మర్నాడు పెద్ద దవాఖానాలో గుండె డాక్టర్ విడమరచి చెప్పాడు. గుండెలో కరెంటు నడిచే దారి పక్కన పుట్టుకతోనే ఇంకో దొంగదారి ఉంది. తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి, ఆవగింజంత చోటు కాలుస్తారు. ఛాతీ కోయరు. చాలామందికి మళ్లీ రాదు.

ఆ సాయంత్రం గ్రేసీ చాపిన అడ్మిషన్ కాగితాన్ని పాపమ్మ ముట్టుకోలేదు.

“తొడల నుంచి తీగనా? పరాయి మొగోళ్ల ముందట పండుకుంటవానే?”

“బట్ట కప్పుతరత్తమ్మా.”

“దేవుడిచ్చిన గుండెను కాలుస్తరంట! ఇన్నేండ్ల సంది నా ప్రార్థన ఆపలేదానే?”

“ఫ్రిజ్ నీళ్లు ఆపినయ్.”

“అంటె గంతమంది ముందట నేను అబద్ధం జెప్పిన్నా?” పాపమ్మ కొడుకు వైపు తిరిగింది. “రేపటి సంది ఏ మొకం పెట్టుకొని ఆ కుర్చీల కూసోవాలె? అడుగురా నీ పెండ్లాన్ని!”

శాంసన్ తల గోక్కున్నాడు. “జర ఆగరాదు గ్రేసీ. క్రిస్మస్ అయినంక సూద్దాం.”

గ్రేసీ కాగితం మడిచి బైబిల్లో పెట్టింది.

“సోమవారం పొద్దుగాల ఏడింటికి అడ్మిట్ అయితున్న. ఆదివారం కూటంల సాక్ష్యం నేనే జెప్త. ఫ్రిజ్ నీళ్ల సీసా సుత పట్టుకొస్త.”