ఉరల్ నది అట్ట వెనక

మా తోడికోడలు రేష్మ రష్యాలో, ఓరెన్‌బర్గ్‌లో ఆరేళ్లు డాక్టరీ చదివింది. అమెరికాలో మా ఇర్వింగ్ వచ్చాక ఒక క్లినిక్‌లో వచ్చినవాళ్లకు బీపీ చూస్తూ ఇక్కడి పరీక్షలకు చదువుకుంటోంది. మా ఇంట్లో మాత్రం ఆమె ఎప్పుడో డాక్టరమ్మ అయిపోయింది. అత్తయ్యకు మోకాలు నొప్పెట్టినా, మా అమ్మాయి సంహితకు వేలు తెగినా ముందు పిలిచేది ఆమెనే. నేను పక్కనే ఉంటాను.

ఆమె ఆ ఊరి కబుర్లు మొదలుపెడితే టీవీ ఆపేస్తారు.

"ఉరల్ నది మీద నడిచి దాటే బ్రిడ్జి ఉంటుందక్కా. ఇటు యూరప్, అటు ఆసియా. క్లాసులయ్యాక ఆసియాకి వెళ్లి ఐస్‌క్రీమ్ తిని వచ్చేవాళ్లం."

"ఆ చలిలోనా?"

"కరగదు కదా!"

సంహిత పడీపడీ నవ్వింది. నా మాటలకు అది అలా నవ్వగా నేను చూడలేదు.

ఈమధ్య దాని థర్డ్ గ్రేడ్ టీచర్ ఏదైనా ఒక ప్రాంతం ఎంచుకోమంది. అక్కడి నేల, మనుషులు, బతుకుతెరువు గురించి ఒక సాయంత్రం బల్ల దగ్గర నిలబడి వచ్చినవాళ్లకు చెప్పాలి. మా చీమకుర్తి నల్లరాయి గురించి చెబుదామని నేను మాటలు సర్దుకున్నాను. ఇంటర్ మొదటి ఏడాదితో నా చదువు ఆగింది కానీ, రాయి ఎలా కోస్తారో కళ్లారా చూసినదాన్ని.

"అమ్మా, ఐ పిక్డ్ ఓరెన్‌బర్గ్. పిన్ని నాతో నిలబడుతుంది. వన్ అడల్ట్ ఓన్లీ. నువ్వు మ్యాప్ చేయి, ఓకే? యూ ఆర్ గుడ్ ఎట్ క్రాఫ్ట్స్."

చేశాను. పెద్ద అట్ట మీద స్టెప్ అనే గడ్డి మైదానానికి గోధుమలు అంటించాను. ఉరల్ నదికి నీలం ఊలు. ఉప్పు గనులూ పుచ్చకాయలూ ఉన్న సోల్-ఇలెత్స్క్ ఊరి దగ్గర కల్లుప్పు. గ్యాస్ తీసేచోట పుట్టినరోజు కొవ్వొత్తి. శాలువాలకు ఉన్నినిచ్చే మేకలకు దేవుడి దగ్గరి వత్తుల పత్తి. కింద అంచున రష్యన్లు, టాటార్లు, కజఖ్‌లు, బష్కీర్ల బొమ్మలు సంహిత గీసింది. ఎక్కడ ఏది పెట్టాలో రేష్మ సోఫాలోంచి చెప్పింది. "కజకిస్తాన్ బోర్డర్ ఇంకా కిందికక్కా. అద్దీ!" అప్పటికి నా వేళ్లు జిగురుతో అంటుకుపోయాయి.

స్కూలుకు వెళ్లాల్సిన సాయంత్రం కారు తాళం తీసుకున్నాక రేష్మ గుమ్మం దగ్గర ఆగింది. "ఒక్క నిమిషం. అందరూ కూర్చోండి."

"ఎవరే తుమ్మింది?" వంటింట్లోంచి అత్తయ్య కేకేసింది.

"ఎవరూ తుమ్మలేదత్తయ్యా. అక్కడ బయల్దేరేముందు ఇలా మాట్లాడకుండా కూర్చుంటారు. మర్చిపోయినవి గుర్తొస్తాయి."

"తుమ్మకుండానే కూర్చోవడమేంటి, చోద్యం!" అంటూనే అత్తయ్య అందరిచేతా మంచినీళ్లు తాగించి, తనూ కుర్చీ లాక్కుంది.

కూర్చున్నాం. అట్ట నా ఒళ్లో ఉంది. సంహిత రేష్మ భుజానికి ఆనుకుంది. రేష్మ కళ్లు మూసుకుంది. ఆమెకు ఏ వంతెన గుర్తొస్తోందో! నాకు గుర్తొచ్చింది ఒక్కటే. అట్టను నిలబెట్టడానికి చేసిన చెక్క ఆసరా గరాజ్‌లోనే ఉండిపోయింది.

"ఏమైనా గుర్తొచ్చిందా అక్కా?"

"ఏం లేదు," అన్నాను.

స్కూల్లో అట్ట ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి పడింది. కొన్ని గోధుమలు రాలాయి. సంహిత ముఖం చిన్నబోయింది. టీచర్ నావైపు చూసి, వెనకనుంచి పట్టుకుంటే పరవాలేదంది. నేను కోరుకున్నదీ అదే. బల్ల వెనక మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఓరెన్‌బర్గ్‌ని ఎత్తి పట్టుకున్నాను. సంహిత పక్కన ఉండాలనుకున్నాను, ఉన్నాను. ఎవరికీ కనబడనంతే.

ముందువైపు రేష్మ గొంతు ఇంగ్లిష్‌లో హాయిగా సాగిపోతోంది. హాస్టల్ దగ్గర టాటార్ ముసలావిడ చేసే మూడుమూలల బన్ను మన సమోసాకి చుట్టమంటే అందరూ నవ్వారు. అందులో సంహిత నవ్వు నాకు విడిగా వినబడింది.

మ్యాప్ ఎవరు చేశారని ఎవరో అడిగారు.

"మై మామ్. షీ ఈజ్ బ్యాక్ దేర్."

పైనుంచి నాలుగు తలలు వంగి నన్ను చూశాయి. రేష్మ బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా పక్కన మోకాళ్లేసింది.

"లే అక్కా, నువ్వెళ్లి నిలబడు. నేను పట్టుకుంటా."

కుర్చీ ఇచ్చినంత తేలిగ్గా ఇచ్చేస్తోంది. నేను ఇన్నాళ్లూ చూసి ఏడ్చిన చోటు ఆమెకు ఇంతేనా? ఆమె నా పక్కన ఉన్న ఆ కాసేపు నాకు అంతకుముందెన్నడూ లేనంత కుళ్లు పుట్టింది. లేచి నిలబడితే ఏం మాట్లాడతాను? ఆ వంతెన మీద నేను నడవలేదు.

"వద్దులే. నీకే తెలుసు," అన్నాను. నా గొంతు నాకే బాగాలేదు.

ఆమె ఒక్క క్షణం నన్ను చూసి ముందుకు వెళ్లిపోయింది.

"దిస్ ఈజ్ ద రివర్," అంటోంది సంహిత. దాని వేలు నీలం ఊలు వెంట జారడం అట్టలోంచి నా చేతికి తెలుస్తోంది. నేను పట్టుకున్న చోటికి వచ్చి ఆగింది. అట్టకు అటువైపు గట్టిగా నొక్కింది. ఇటువైపు నా బొటనవేలు అక్కడే ఉంచాను.